మా ఊరి చానెల్ టీచరమ్మగారు

టీచరమ్మగారు పోయారన్న కబురు నాకు తెనాలి బస్టాండులో తెలిసింది. అప్పుడు నా చేతిలో మైకు వైరు చుట్ట ఉంది. దానికోసం నన్ను తెనాలి పంపింది ఆవిడే. "నువ్వు చిన్నది తెస్తావేమో, ఇరవై అడుగులది చూసి తీసుకురా నాయనా, వెనక బెంచీ దాకా మైకు పోవాలి" అని పొద్దున్నే ఫోన్ చేసి మరీ చెప్పారు. బాపట్లలో చెల్లెలుగారింట్లో ఉండి గుండెకు వైద్యం చేయించుకుంటున్న మనిషి ఆలోచించేది వైరు పొడుగు గురించి! మధ్యాహ్నం మా కేబులాయన ఫోన్ చేసి, "సార్, మన టీచరమ్మగారు..." అని ఆగిపోయాడు. ఆగిన తీరుకే నాకు అర్థమైపోయింది. రేపల్లె బస్సు ముందుకొచ్చి ఆగింది, కండక్టరు ఎక్కండెక్కండని కేకలేస్తున్నాడు, నేను మాత్రం ఆ వైరు చుట్ట పట్టుకుని అక్కడే నిలబడిపోయాను.

ఏడుపు వచ్చింది, దాచుకోను. కానీ ఆవిడ గురించి రాద్దామని కూర్చుంటే ఏడుపు కన్నా ముందు హుషారొస్తోంది. ఏం చేయను? ఆవిడతో గడిపిన ప్రతిరోజూ పరీక్ష ఫలితాలొచ్చే రోజులా ఉండేది. ఇంకాసేపట్లో ఏదో జరగబోతోందని గుండె దడదడలాడుతూనే ఉండేది.

మాది తెనాలి, బాపట్ల, రేపల్లెల మధ్య తిరిగే బస్సులన్నీ ఆగే ఒక చిన్న మున్సిపాలిటీ. ఊరి పేరు రాయను. రాస్తే మా ఆఫీసువాళ్లు నన్ను కాల్చుకు తింటారు. నేను ఆ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటుని, జనం పిలిచే పిలుపులో పెద్ద గుమాస్తాని. ఫైలు కదలాలంటే నా బల్ల మీంచే కదలాలి, కదలకుండా పడుండాలన్నా నా బల్ల మీదే పడుండాలి.

టీచరమ్మగారు మిషన్ స్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. పిల్లల్లేరు, భర్త ఎప్పుడో పోయారు. పాత మున్సిపల్ భవనం మేడ మీద ఒక గదిలో ఊరి చానెల్ నడిపేవారు. మా కేబులాయన బాక్సులో ఆఖరి నంబరు ఒకటి ఊరికోసం ఉచితంగా వదిలిపెట్టాడు. దాంట్లో సినిమాలు రావు. కాలవకి నీళ్లు ఎప్పుడొదులుతారు, ఏ వీధిలో కరెంటు తీస్తారు, సముద్రం మీద గాలి ఎట్లా ఉంది, ఎవరి గేదె తప్పిపోయింది, ఇవన్నీ తెర కింద అక్షరాలుగా పరిగెడుతుంటాయి. పైన ఆదివారం చర్చి ప్రార్థన, శనివారం భజన, బడిపిల్లల పద్యాలు. నెలకోసారి మా కౌన్సిల్ సమావేశం మొదట్నుంచి చివరిదాకా, ఒక్క ముక్క కత్తిరించకుండా. ఇది మాత్రం మా కౌన్సిలర్లకి పంటి కింద రాయి. లైవులో ఆవులించడానికి కూడా లేకుండా పోయిందని వాళ్ల బాధ.

అన్నిటికన్నా గొప్పది మూడు నిమిషాల కుర్చీ. రోజూ సాయంత్రం నాలుగింటికి ఎవరైనా సరే వచ్చి ఆ కుర్చీలో కూర్చుని, ఊరికి చెప్పాల్సింది మూడు నిమిషాలు చెప్పుకోవచ్చు. షరతు ఒక్కటే. నీ ముందువాడు చెప్పేది బెంచీ మీద కూర్చుని వినాలి, నీ తర్వాతివాడు చెప్పేది విని గాని మెట్లు దిగకూడదు. "వినడం రానివాడికి మైకు ఇస్తే పిచ్చివాడి చేతిలో రాయే" అనేవారు ఆవిడ. ఒకసారి మురుగు కాలవ దగ్గర తగువుపడ్డ ఇద్దరు పక్కింటివాళ్లు ఒకేరోజు ఒకరి మీద ఒకరు చెప్పుకోవడానికి వచ్చారు. షరతు ప్రకారం ఒకడి మాట ఒకడు పూర్తిగా వినాల్సి వచ్చింది. మళ్లీ పోట్లాడుకుంటూనే ఒకే ఆటోలో ఇంటికెళ్లారు. మర్నాడు పొద్దున్న ఇద్దరూ పారలు పట్టుకుని కాలవలో కనిపించారు.

మొదటిసారి కెమెరా ముందు కూర్చున్నవాళ్లకి నోరు పిడచకట్టుకుపోతుంది. టీచరమ్మగారు వాళ్ల చేతికి మంచినీళ్ల గ్లాసిచ్చి, తను సరిగ్గా కెమెరా కింద చిన్న ముక్కాలిపీట వేసుకుని కూర్చునేవారు. "దానికి చెవుల్లేవమ్మా, నాకు చెప్పు" అనేవారు. వాళ్లు ఆవిడకి చెప్పుకుంటూ పోయేవారు, ఊరంతా వినేది. ఎంత ముసలామెకైనా మూడు నిమిషాలవగానే ఆవిడ మూడు వేళ్లు లేచేవి. కలెక్టరాఫీసు నుంచి వచ్చిన పెద్దమనిషికీ అవే మూడు వేళ్లు.

ఇక నేను చేసిన ఘనకార్యం చెబుతాను. సిగ్గుపడుతూనే చెబుతాను.

కౌన్సిల్ అజెండా తయారుచేసేది నేనే. తయారుచేయడమంటే ఏంటనుకున్నారు? కిందటేడాది కాగితం తెరిచి, తేదీ మార్చి, వీధుల పేర్లు మార్చి, కమిషనర్ గారి సంతకానికి పెట్టడం. ఆ నెల పనికిరాని సామాను వేలం పెట్టాలన్నారు. పాత భవనం మేడ మీద విరిగిన చెత్త బండ్లు, తుప్పు పట్టిన పంపు, మాడిపోయిన వీధి దీపాలు ఉన్నాయని నాకు తెలుసు. అక్కడున్నవి రెండు గదులు. ఒకదాంట్లో ఈ తుక్కు, రెండోదాంట్లో చానెల్. మేడెక్కి చూడ్డానికి బద్ధకించి, "మేడ మీది రెండు గదుల్లోని పనికిరాని సామాను వేలం వేసి, గదులు ఖాళీ చేయించుట" అని రాసి పడేశాను. ఏడో అంశం. అయ్యా, కెమెరా, లైట్లు, కుర్చీ, బెంచీ, మొత్తం ఊరి గొంతుని తుప్పు పంపు పక్కన కట్టేశాను!

మా కౌన్సిల్‌లో ఒక ఆనవాయితీ ఉంది. తుక్కు వేలం మీద ఎవరూ మాట్లాడరు. చైర్‌పర్సన్ గారు నంబరు చదువుతారు, సభ్యులు బల్లలు చరుస్తారు, తీర్మానం అయిపోతుంది. ఒకసారి అయిందంటే ఇక దాన్ని వెనక్కి లాగడం నా తరమూ కాదు, నా బాబు తరమూ కాదు. పైగా "చేతిలో ఫోన్లుండగా ఇంకా ఈ చానెల్ ఏంటి" అని మూడో వార్డు కౌన్సిలర్ అప్పటికే బాహాటంగా అంటున్నాడు.

సమావేశం రోజు టీచరమ్మగారు ఎప్పటిలాగే కెమెరా, లాప్‌టాప్ పట్టుకుని పది నిమిషాల ముందే వచ్చారు. నోటీసు బోర్డు మీద అజెండా చదివారు. కళ్లజోడు పైనుంచి నావైపు చూశారు.

"ఇది నువ్వే రాశావా నాయనా?"

"అవునండి."

"మేడెక్కి చూశావా?"

"లేదండి."

"సరే" అన్నారు. అంతే! తిట్టినా బాగుండేది. కమిషనర్ గారి దగ్గరికి పరిగెత్తాను. సభ్యులకి పంచేసిన అజెండా నువ్వూ నేనూ మార్చేది కాదయ్యా, సమావేశం అయ్యాక చూద్దాం అన్నారాయన. అయ్యాక చూడ్డానికి ఏముంటుంది, నా మొహం! చూడ్డానికి వచ్చినవాళ్లు సభలో మాట్లాడకూడదు. టీచరమ్మగారు ఆ నియమం ప్రాణం పోయినా తప్పరు. అందరి చేతా మాట్లాడించిన మనిషి తను నోరు మూసుకుని కూర్చోవాల్సి వచ్చిందే, అదీ నా వల్ల!

సమావేశం మొదలైంది. మొదటి అంశం నడుస్తుండగా హాలు మూలనున్న టీవీ వైపు చూశాను. తెర కింద అక్షరాలు పరిగెడుతున్నాయి. "ఏడో అంశం: ఈ చానెల్ గది ఖాళీ, కెమెరా వేలం. ఇప్పుడు నడుస్తున్నది ఒకటో అంశం. అందరూ చూడండి."

ఓరి దేవుడో! ఆవిడ నోరు విప్పలేదు. ఉన్నది ఉన్నట్టు రాశారంతే. ఒక్క అక్షరం అబద్ధం లేదు, ఒక్క నింద లేదు. రెండో అంశం మొదలవగానే అక్షరాలు మారాయి, ఇప్పుడు నడుస్తున్నది రెండో అంశం. తర్వాత మూడోది. క్రికెట్ మ్యాచ్‌లో ఆఖరి ఓవరు బంతులు లెక్కపెట్టినట్టు ఊరంతా ఇళ్లలో కూర్చుని మా అంశాలు లెక్కపెడుతోంది! నాకు భయం పోయి ఒళ్లు జలదరించడం మొదలైంది.

నాలుగో అంశం దగ్గర ఫోన్లు మోగాయి. ముందు ఒకటి, ఆ వెంటనే నాలుగైదు. మూడో వార్డు కౌన్సిలర్ లేచి నిలబడి మాట్లాడుతున్నాడు, ఆయన జేబులో ఫోను ఆగదే! విసుక్కుంటూ తీశాడు. "అమ్మా, మీటింగులో ఉన్నానే" అన్నాడు. వాళ్లమ్మకి చెవుడు, అందుకని అరిచినట్టు మాట్లాడుతుంది. ఆ గొంతు హాలంతా వినపడింది.

"మీటింగులో ఉన్నావని కనపడతానే ఉందిరా! టీవీలో చూస్తన్నా. పైగుండీ ఊడింది, పెట్టుకో ముందు. ఆ ఏడోదేంట్రా? టీచరమ్మగారి కెమెరా అమ్మేస్తారంటగా? మోకాళ్లు పట్టేసి చర్చికి పోలేకపోతన్నానని నీకు తెలీదూ? ఇంక ఆదివారం ప్రార్థన నేనెక్కడ చూడాల్రా, నీ మొహంలోనా?"

హాలు ఘొల్లుమంది. చైర్‌పర్సన్ గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. కౌన్సిలర్ గుండీ పెట్టుకుని, మెల్లగా కూర్చున్నాడు.

ఐదో అంశానికి మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపించింది. చేపల మార్కెట్టు ఆడవాళ్లు, ఆటోవాళ్లు, మిల్లు కూలీలు, పాస్టరుగారు, పూజారిగారి భార్య, భట్టిప్రోలు వైపు నుంచి ఎరువుల కోసం వచ్చిన రైతులు కూడా నలుగురు. ఎంతమంది వచ్చారో లెక్క తెలీదు, వరండా నిండిపోయింది. గొడవ జరుగుతుందనుకున్నాను. ఎవరూ కిక్కురుమనలేదు. నేల మీద వరసగా కూర్చుని వింటున్నారు. వినడం ఆవిడ దగ్గర నేర్చుకున్నవాళ్లు కదా! అరిస్తే పోలీసుల్ని పిలవచ్చు. అంతమంది నోరు మెదపకుండా కూర్చుని మొహంలోకి చూస్తుంటే ఎవర్ని పిలుస్తాం?

ఆరో అంశం గబగబా అయిపోయింది. చైర్‌పర్సన్ గారు గొంతు సవరించుకున్నారు.

"ఏడో అంశం."

ఒక్క చెయ్యీ బల్ల మీద పడలేదు. అప్పుడు నాకేం పుట్టిందో తెలీదు, లేచి నిలబడ్డాను. ఇన్నేళ్ల సర్వీసులో సభలో ఎవరైనా అడిగితే తప్ప నోరు తెరవనివాణ్ని.

"మేడమ్, ఆ అంశం నా తప్పండి. నేను మేడెక్కి చూడకుండా రాశాను. తుక్కు ఒక్క గదిలోనే ఉందండి. రెండో గదిలో ఉన్నది తుక్కు కాదండి, చానెల్."

కమిషనర్ గారు నన్ను కొరకొరా చూశారు. చూస్తే చూశారు! అదంతా లైవులో వెళ్తోంది, ఇక నన్ను ఎవరేం చేస్తారు? "మరి ఏం చేద్దామంటారు?" అని చైర్‌పర్సన్ గారు సభ్యుల్ని అడిగారు. అందరికన్నా ముందు లేచింది మూడో వార్డు కౌన్సిలరే. "ఆ గది జోలికి పోవద్దండి. మా అమ్మ నన్ను ఇంట్లోకి రానివ్వదు" అన్నాడు. బల్లలు మోగాయి చూడండి, అబ్బబ్బ, నా సర్వీసులో అంత మోత వినలేదు.

ఆ ఊపులో చైర్‌పర్సన్ గారు, "టీచరమ్మగారూ, మీరూ రెండు మాటలు చెప్పండి. గది, కరెంటు అన్నీ ఇప్పుడే శాంక్షన్ చేసేద్దాం" అన్నారు. ఇంకెవరైనా అయితే ఎగిరి గంతేసేవారు. ఈవిడ లేచి నమస్కారం పెట్టి, "ఇవాళ వద్దండి. చప్పట్లలో ఇచ్చింది చప్పట్లలోనే పోద్ది. నెలరోజులు తీసుకోండి, రాసి, చదివి, చర్చించి ఇవ్వండి" అని మళ్లీ కెమెరా వెనక్కి వెళ్లిపోయారు. నాకు ఒళ్లు మండిపోయింది. నోటి దాకా వచ్చిన ముద్దని తోసేస్తుందేంటి ఈ మనిషి అనుకున్నాను.

ఆ నెలంతా నా టైపు, ఆవిడ ఎర్ర పెన్ను. తీర్మానం ముసాయిదా నేను రాయడం, ఆవిడ లెక్కల కాపీ దిద్దినట్టు దిద్దడం. "మరమ్మతులు చేయించబడును" అని రాస్తే, "ఎవరు చేయిస్తారు, ఎన్నాళ్లలో చేయిస్తారు, రాయి" అనేవారు. చానెల్ మూలన చైర్‌పర్సన్ గారి ఫొటో పెడదామన్నాను. "ఇవాళ ఈవిడ ఫొటో పెడితే రేపొచ్చినాయన ఫొటోతో పాటు చానెలే మార్చేస్తాడు" అని కొట్టేశారు. అసలు యుద్ధం ఇంకో వాక్యం దగ్గర వచ్చింది. ప్రసారం చేసే ప్రతి కార్యక్రమాన్నీ ఆఫీసు ముందుగా చూసి అనుమతించాలి అని నేను రాశాను. ఆవిడ పెన్ను ఆగిపోయింది.

"ఇది ఉంటే నాకు మీ గది వద్దు" అన్నారు.

"అదేంటండీ? మా గది, మా కరెంటు తీసుకుని మమ్మల్నే తిడుతుంటే ఊరుకోవాలా?"

"ఊరుకోవాలి. అన్నం పెట్టిన చెయ్యి నోరు మూయకూడదు. అయినా అది మీ గది ఎప్పుడైంది? ఊరి గది, ఊరి కరెంటు. నువ్వూ ఊరి గుమాస్తావే."

మాట పడడం నాకు అలవాటు లేదు. విసురుగా లేచి వచ్చేశాను. రెండు రోజులు ఆ మెట్లు ఎక్కలేదు. ఈవిడ పంతానికి ఉన్న అవకాశం కాస్తా పోతుంది, నా పరువు ఎటూ పోయింది అని ఇంట్లో మా ఆవిడ మీద చిర్రుబుర్రులాడాను. మూడోరోజు సాయంత్రం టీవీ పెడితే, మూడు నిమిషాల కుర్చీలో చుండూరు దగ్గర నాట్లకి వెళ్లొచ్చే ఒక కూలి మనిషి మాట్లాడుతోంది. తిరిగొచ్చేసరికి చీకటి పడుతోందని, మా వీధిలో దీపం పెట్టరా అని ఎవరినో బతిమాలినట్టు అడుగుతోంది. ఆ వీధి దీపం కాగితం ఎక్కడుందో నాకు తెలుసు. నేను రాసిన ఆ వాక్యం ఉండి ఉంటే, ఆమె మాట బయటికి రావాలా వద్దా అని తేల్చేది నేనే. ఛీ అనిపించింది. మర్నాడు ఆ వాక్యం కొట్టేసిన కాగితం తీసుకెళ్లి ఆవిడ ముందు పెట్టాను. ఆవిడ డబ్బాలోంచి రెండు పప్పుచెక్కలు తీసి నా చేతిలో పెట్టారు. తరగతిలో ఫస్టొచ్చిన పిల్లాడిలా నమిలాను, ఏం సిగ్గులేదు నాకు.

తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. గది, కరెంటు, మరమ్మతులు మున్సిపాలిటీవి. ఏం చూపించాలో తేల్చేది ఊరి మనుషుల కమిటీ, అందులో కౌన్సిల్ సభ్యులు ఉండకూడదు. ఆ కాగితం జిరాక్సులు తీయించి టీచరమ్మగారు పెళ్లి శుభలేఖలు పంచినట్టు పంచారు. ఆ వయసులో బస్సెక్కి రేపల్లె వెళ్లారు, తెనాలి వెళ్లారు. ఎక్కడ ఎవరు చిన్న చానెల్ నడుపుతున్నారని తెలిసినా వెళ్లి, "మీ ఊళ్లోనూ అడగండి, దానమని అడక్కండి, కుళాయి అడిగినట్టు అడగండి" అని చెప్పేవారు. వైద్యానికని వెళ్లిన బాపట్లలో కూడా డాక్టరుగారికి ఒక కాపీ ఇచ్చారట!

ఆవిణ్ని మా ఊరికి తీసుకొచ్చి మర్నాడు పొద్దున్న సమాధి చేశాం. పెట్టె మోసినవాళ్లలో మూడో వార్డు కౌన్సిలర్ ముందున్నాడు. మధ్యాహ్నం నేనూ కేబులాయనా మేడ మీద గది తాళం తీశాం. ఆవిడ ఊళ్లో లేని రోజుల్లో చానెల్ చూసుకునేది మేమిద్దరమే. ఆయన కళ్లు తుడుచుకుంటూ, "ఈ రోజుకి టీచరమ్మగారి ఫొటో పెట్టి ఆపేద్దామా సార్?" అన్నాడు. సరేనందామనుకున్నాను. ఆవిడ ఇక రారని తెలిశాక ఈ గదిలోకి జనం ఎందుకొస్తారు? వచ్చినా ఎవరు వింటారు? ఇవాళ ఆపితే రేపు ఆపడం ఇంకా తేలిక, ఎల్లుండికి మా ఆఫీసులో ఎవరో ఒకడు ఆ గది ఖాళీగానే ఉందిగా అంటాడు. ఆ మాట అనేది నేనే అయినా ఆశ్చర్యం లేదు. కాగితం నెగ్గించుకున్నాం గాని, నడిపే మనిషి లేకపోతే కాగితం ఏం చేస్తుంది? ఆ భయంతో కుర్చీ కూడా వేయకుండా నిలబడ్డాను.

నాలుగవుతుండగా తలుపు దగ్గర మనుషులు కనిపించారు. ఆరుగురో ఏడుగురో. వచ్చి ఎవరూ చెప్పకుండానే బెంచీ మీద వరసగా కూర్చున్నారు. మొదట ఉన్నది చేపల మార్కెట్టు ఆమె, కాళ్ల దగ్గర ఖాళీ గంప.

"టీచరమ్మగారి గురించి చెప్తావా అక్కా?" అన్నాను.

"ఆయమ్మ కోసం ఇంటికాడ ఏడ్చే వచ్చానయ్యా. నాకు వేరే పనుంది" అంది.

కుర్చీ వేశాను. కెమెరా ఆన్ చేశాను. ఆమె కొంగు సర్దుకుని, మంచినీళ్లు తాగి, మొదలుపెట్టింది. "అందరికీ దండాలు. మన మున్సిపలాఫీసులో పెద్ద గుమాస్తా ఒకాయన ఉన్నాడు. మా మార్కెట్లో కుళాయి కోసం మేం పెట్టిన కాయితం నాలుగు నెలల్నుంచీ ఆయన బల్ల మీదే పడుంది. అడగబోతే రేపు రా, ఎల్లుండి రా అంటాడు. చేపలు కడిగిన చేతులు కడుక్కోడానికి నీళ్లు లేవు మాకు. ఆయనకి నీళ్లున్నాయి, ఫ్యానుంది..."

కేబులాయన గతుక్కుమని నావైపు చూశాడు, తర్వాత నా చేతి పక్కనున్న స్విచ్చి వైపు చూశాడు. ఆమె మాత్రం నావైపు చూడ్డమే లేదు. తిన్నగా ఊరి మొహంలోకి చూస్తూ ఒక్కో వేలూ మడిచి నా సంగతులు చెబుతోంది. నేను కెమెరాని ఇంకొంచెం దగ్గరికి జరిపాను, ఆమె బాగా కనపడేటట్టు.